గంగమ్మ జుత్తు

విశాఖపట్నం, మద్దిలపాలెం,
17 నవంబరు 2024.

ప్రియమైన ఈశ్వరికి,

నువ్వూ మీ ఆయనా ఎలమంచిలిలో చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఫోన్లో మీ అమ్మ పేరెత్తగానే పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను. చింపకుండా చివరిదాకా చదువు.

నీ కోపం నాకు తెలియనిది కాదు. కిందటేడు వేట మొదలైన వారానికే మీ తమ్ముడు సింహాద్రి పడవ తిరిగి రాలేదు. కర్మ చేయిద్దామని నువ్వన్నావు. బతికున్న కొడుక్కి కర్మేమిటని మీ అమ్మ, మా పోతమ్మత్త, నిన్ను గడప తొక్కొద్దంది. వాడొచ్చి పక్కన కూర్చుని తినేదాకా సముద్రంలోది ఏదీ ముట్టనని పంతం పట్టింది. చేపతోనే పెరిగిన ఒళ్లు అది మానేస్తే ఏమవుతుంది? రక్తం తగ్గింది. అది పెరిగితేగానీ కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేయనన్నారు డాక్టరు.

ఐరన్ మాత్రలు మింగుతోంది కానీ అన్నం సహించడం లేదు. కాలేజీలో ఆహారశాస్త్రం చెబుతాను కదా, సముద్రపు నాచు పొడి పట్టుకెళ్లాను. అందులో పీచు ఉంటుంది, అయొడిన్ ఉంటుంది, కొద్దిగా ఇనుమూ మాంసకృత్తులూ ఉంటాయి. జపాన్‌లో రోజూ తింటారు. మన పోర్టు పక్క రాళ్ల మీది నాచు మాత్రం పనికిరాదు, నీళ్లలోని లోహాలన్నీ పీల్చుకుంటుంది. అందుకే తమిళనాడు తీరంలో సాగుచేసి, పరీక్ష చేయించినది తెప్పించాను. అయొడిన్ మితిమీరితే థైరాయిడ్‌కి చేటు కనుక డాక్టర్ని అడిగి, చిటికెడే వాడాను.

చెప్పకుండా పప్పులో కలిపేద్దామా అని ఒక పూటంతా ఊగిసలాడాను. ఒకరి పంతాన్ని దొంగచాటుగా చెరపడానికి నేనెవరిని? చెప్పేశాను.

"ఏటమ్మా నీలిమా! వలకి తగిల్తే దులిపి పారేసే సెత్త నాకెడతావేటి?" అంది. మరి ఉప్పు సముద్రంలోది కాదా అత్తా అన్నాను, తెలివిగా. "ఉప్పు ఎండది. నీళ్లు గంగమ్మవి, ఎండ సూరీడిది. నా కాడ సదువు సూపించకు" అని కసిరింది.

మరుసటి ఆదివారం వెళితే తనే అడిగింది, ఆ పొడేదీ అని. పెసరపప్పులో కలిపి, నిమ్మకాయ పిండి పెట్టాను. పులుపుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. పక్కింటి కాశమ్మ గుమ్మంలోంచే అందుకుంది: "ఒదినా, గొడ్లు కూడా ముట్టవు, తింతన్నావేటి?" అత్త తల కూడా ఎత్తలేదు. "తింతం లేదే. నా కొడుకుని దాసేసింది కదా, గంగమ్మ జుత్తు పీకుతన్నాను." కాశమ్మ నవ్వొచ్చినా నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త కంచం ఖాళీ చేసింది. అప్పటి నుంచి రోజూ చిటికెడు పప్పులో వేసుకుంటోంది.

మొన్నటి పరీక్షలో రక్తం కాస్త పెరిగింది. మాత్రల వల్లా, నాచు వల్లా, అన్నం మళ్లీ సహించడం వల్లా? క్లాసులో ఎవరైనా అడిగితే మాత్రలే అని చెబుతాను. కానీ ఆ మాత్రలు ముందు నుంచీ మింగుతూనే ఉంది కదా అని నాలో నేను అడ్డు తగులుతాను. చిటికెడు పొడికి అంత గొప్ప అంటగట్టకూడదనీ తెలుసు.

ఆపరేషన్‌కి తేదీ ఇస్తారట. నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ
నీలిమ

తా.క. అంటించిన కవరు మళ్లీ విప్పాను. గంగమ్మ మీద కోపంతో తిన్నదని రాశాను. అది కాశమ్మ వినడానికి అన్న మాట. ఆమె వెళ్లాక అత్త నా చెయ్యి పట్టుకుని, "ఆడు పడుకున్న కాడ మొలిసిందేమో కదమ్మా ఇది. ఆడి పక్కన కూకుని తిన్నట్టుంది" అంది. వాడు లేడన్న మాట ఆ నోట రావడం అదే మొదలు. పొడి తమిళనాడుదని చెప్పబోయి ఊరుకున్నాను. నెలాఖరులో కర్మ పెట్టించమంది. నిన్ను పిలవమంటావా అని నేను అడగలేదు, తనే అంది: "అక్క నేకుండా ఆడికి నీళ్లెవులు ఒదుల్తారు? ఈస్సరిని రమ్మను."