మూడో కంచం

స్విండన్,
ఫిబ్రవరి 3, 1983

ప్రియమైన బెరిల్ అక్కకి,

నిన్న చలి విరిగే పండగ ఇంబోల్క్ కదా, నువ్వూ అమ్మా కిటికీలన్నిటిలో కొవ్వొత్తులు పెట్టే ఉంటారు. నేనూ ఒకటి పెట్టాను. కింది వాటాలో ఉండే మిసెస్ పాటర్సన్ పైకొచ్చి, "కరెంటు పోయిందా అమ్మాయ్?" అని అడిగి, ఒక బల్బు చేతిలో పెట్టి వెళ్లింది. రెల్లుతో బ్రిజిడ్ దేవత శిలువ అల్లుదామంటే ఈ ఊళ్లో రెల్లు ఎక్కడ దొరుకుతుంది? శీతల పానీయాలు తాగే గొట్టాలతో అల్లాను. నవ్వుకో. నవ్వానని ఒక ముక్క రాయి చాలు.

అసలు సంగతికి వస్తాను. నా మొగుడు కీత్‌ని వదిలేశాను. ఆ ఫొటో ఆదివారం పత్రిక వాళ్లకి ఇచ్చింది తనేనని పబ్బులో తాగి గొప్పగా చెప్పుకున్నాడు. నిలదీస్తే ఒప్పుకున్నాడు. నా ఆల్బంలోంచే తీశాడు. మే నెల పండగ బెల్టేన్ మంట చుట్టూ మీరంతా చేతులు పట్టుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండా, మధ్యలో అమ్మ పూల కిరీటంతో. పాత దేవతల్ని కొలిచే మనకి అది పూజ. సెలవు పూట టీ తాగుతూ చదివే వాళ్లకి అది బూతు బొమ్మ. అమ్మని బడి వంటింటి పనిలోంచి తీసేశారని, ఉత్తరాలు వేసే కంతలోంచి ఎవరో పెంట తోశారని విన్నప్పుడు నేను ఏడ్చిన ఏడుపు నీకు తెలీదు.

ఆ వారమే పరిగెత్తుకుంటూ వచ్చాను కదా. నువ్వు గుమ్మంలోనే ఆపేశావు. "అమ్మ నీ మొహం చూడనంటోంది. కన్నతల్లిని అమ్ముకున్నావంటోంది" అన్నావు. అక్కడ్నించే తిరిగి వచ్చేశాను. ఇన్నేళ్లూ మళ్లీ రావడానికి ధైర్యం చాల్లేదు.

అక్కా, నాకు ఇంకేమీ వద్దు. అమ్మ ఎదురుగా నిలబడి "అది నేను కాదమ్మా" అని నా నోటితో చెప్పాలి. ఆవిడ వినాలి. విని తిట్టినా సరే. ఆవిడకి కళ్లు బాగా మసకబారాయని మన బృందంలోని మిసెస్ క్లాట్‌వర్తీ మూడేళ్ల కిందటే రాసింది. నేను ఉత్తరం రాసినా ఆవిడ చదువుకోలేదు. అందుకే రావాలి. ఎప్పుడు రమ్మంటావు?

నీ చెల్లి,
హేజెల్

*

డెవన్,
మార్చి 22

ప్రియమైన చిట్టి చెల్లికి,

నవ్వాను. గొట్టాల శిలువ దగ్గర నవ్వాను. మిగతాది చదివాక నవ్వు రాలేదు.

కీత్‌ని వదిలేశావా? మంచిది. వదిలేయడానికి నీకొకడున్నాడు. నాకు లియొనార్డ్ ఉండేవాడు, గుర్తుందా? ఆ ఫొటోలో అమ్మ వెనక ఎడమ పక్కన ఉన్నదాన్ని నేనే. ఆయన తల్లి భూతద్దం పెట్టి మరీ కనిపెట్టింది. నిశ్చితార్థం ఉంగరం వెనక్కి తీసుకెళ్లడానికి ఆయన రాలేదు, ఆవిణ్ణే పంపాడు. ఆవిడ ఉంగరం చేత్తో ముట్టుకోకుండా రుమాలులో పట్టుకుని తీసుకెళ్లింది. పోనీలే, పాత కథలు.

పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నిన్ననే అయింది. గుడ్లకి రంగులు వేశాం. మిస్టర్ టోజర్ వాళ్లు ఎప్పుడో మనల్ని వదిలేసి చర్చికి పోతున్నారు, మిసెస్ క్లాట్‌వర్తీ కూడా మొన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. బృందం అంటూ లేదిప్పుడు. పూజకి వలయం కట్టాలంటే అమ్మ రెండు చేతులూ నేనే పట్టుకోవాలి. ఆవిడ తడుముకుంటూ ఒక గుడ్డుకి పసుపు రంగు పూసి, నీ పేరు చెప్పి, చాలాసేపు ఏడ్చింది.

నువ్వు వస్తున్నావని మాత్రం నేను చెప్పలేను. ఆ మాట చెవిన పడితే ఆవిడ గుండె ఆగిపోతుంది. అబద్ధం అనుకోకు, ఇది మాత్రం ఒట్టేసి చెబుతున్నాను.

నీ అక్క,
బెరిల్

*

స్విండన్,
మే 2

ప్రియమైన అక్కకి,

నిన్న బెల్టేన్ చేసుకున్నాను. పెరట్లో కేకు కాల్చే రేకు పళ్లెంలో మంట వేసి, ఇటూ అటూ చూసి, గౌను ఎత్తిపట్టుకుని దూకాను. రెండోసారి దూకేటప్పుడు అంచు అంటుకుంది. మిసెస్ పాటర్సన్ బకెట్టు నీళ్లు తెచ్చి నెత్తిన కుమ్మరించింది. "మీ మతంలో స్నానం కూడా ఇలాగేనా?" అంది. అంత మంచిది ఆవిడ, నేను ఏడుస్తున్నానని చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్లిపోయింది.

చిన్నప్పుడు ఆ మంట మీంచి నన్ను ఎత్తి అవతల నీకు అందించేది అమ్మ. "పట్టుకోవే, నా పిచ్చుక జారిపోతుంది!" అని అరిచేది. నువ్వు ఒక్కసారి కూడా జారవిడవలేదు.

ఇందులో పసుపు రిబ్బను ఒకటి పెడుతున్నాను. నా పేరు ఎత్తకుండా ఊరికే అమ్మ చేతికివ్వు. అంచు నేను చిన్నప్పుడు కుట్టినట్టే వంకరగా కుట్టాను. ఆవిడ వేళ్లకి తెలుస్తుంది.

ఇంకొక మాట, అక్కా. నువ్వు ఏదో ఒకటి కుదర్చకపోతే నేనే వచ్చి గేటు దగ్గర నిలబడి ఊరంతా వినేలా అరుస్తాను. బెదిరింపనుకో.

నీ చెల్లి,
హేజెల్

*

డెవన్,
ఆగస్టు 3

ప్రియమైన చెల్లికి,

అరవక్కర్లేదు. నీ గొంతు అసలే బాగుండదు.

మొన్న కోతల పండగ లామస్‌కి కొత్త గోధుమపిండితో రొట్టె మనిషిని చేశాం. అమ్మ తల విరిచి నాకు పెట్టింది. కాళ్లు విరిచి పక్కన ఉంచింది. నువ్వెప్పుడూ కాళ్ల దగ్గర్నించే కదా మొదలుపెట్టేదానివి. నీ రిబ్బను ఇచ్చాను. అంచు తడిమి తడిమి, "ఇదెక్కడిదే?" అంది. పాత పెట్టెలో దొరికిందన్నాను. అప్పట్నించీ మెడకి చుట్టుకునే తిరుగుతోంది, స్నానానికి కూడా తియ్యనివ్వదు. అది చూశాక నేనొకటి ఆలోచించాను.

అక్టోబరు ఆఖరి రాత్రి, సావిన్‌కి రా. పోయినవాళ్లకి పెట్టే మౌన భోజనం ఉంది కదా ఆ రోజు. గేటు దాటిన దగ్గర్నించి కొవ్వొత్తి ఆర్పే దాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఆవిడ నిన్ను తిట్టడానికీ పొమ్మనడానికీ వీలుండదన్నమాట. ఎదురుగా కూర్చుంటావు. ఉన్న చూపుతో చూసుకుంటుంది, మెత్తబడుతుంది. కొవ్వొత్తి ఆర్పాక నీ మాట నువ్వు చెప్పుకో. ఎంతసేపైనా చెప్పుకో.

చీకటి పడ్డాక పెరటి తలుపు లోంచి రా. తట్టకు, తీసే ఉంచుతాను. కుర్చీలు అమ్మేశాం, తలుపు పక్క ముక్కాలిపీట మీద కూర్చో. ఆవిణ్ణి తాకకు, మాట్లాడకు. తిన్నాక కంచం కంచె దగ్గర దులిపి రా. ఇంట్లో చిన్నదానివి, ఆ పని ఎప్పుడూ నీదే.

నీ అక్క,
బెరిల్

*

స్విండన్,
ఆగస్టు 6

ప్రియమైన, ప్రియమైన, ప్రియమైన అక్కకి,

వస్తాను! నోరు కుట్టుకుని వస్తాను. ఆకుపచ్చ కోటు వేసుకోనా, ఆవిడ కొనిచ్చినది? మోచేతుల దగ్గర చిరిగింది గానీ ఆవిడకి కనిపించదులే. లియొనార్డ్‌తో పెళ్లి తప్పిపోయింది ఆ ఫొటో వల్లేనని నాకు తెలియదు అక్కా. ఎన్ని జన్మలెత్తినా నీ రుణం తీర్చుకోలేను.

నీ పిచ్చి చెల్లి,
హేజెల్

*

స్విండన్,
నవంబరు 2

బెరిల్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. తట్టలేదు, దగ్గలేదు. కొవ్వొత్తి వెలుతురులో అమ్మని చూశాను. ఎంత చిన్నదైపోయింది! మెడలో నా రిబ్బను. నేను పీట మీద కూర్చోగానే ఆవిడ తలెత్తింది. చాలాసేపు చూసింది. గుర్తుపట్టింది బెరిల్, ఆ మొహం చూస్తే తెలిసిపోయింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. తన కంచంలోని పంది మాంసం మీద కరకరలాడే తొక్క తీసి, తడుముకుంటూ నా కంచంలో పెట్టింది. చిన్నప్పుడు పెట్టినట్టే. నేను ఒక్క ముక్క కూడా వదలకుండా తిన్నాను.

ఉండబట్టలేక చెయ్యి చాపాను. తప్పే, వద్దన్నావు. బల్ల మీద ఆవిడ చేతికి నా వేళ్లు ఇంకా తగలనే లేదు, గబుక్కున వెనక్కి లాక్కుంది. ఒళ్లో దాచుకుంది. అంత కోపమా? ముక్క పెట్టిన చెయ్యే కదా అది!

తర్వాత నువ్వు సైగ చేశావు. కంచం పట్టుకుని కంచె దాకా వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తలుపు గడియ వేసుంది. గాలికి పడిందనుకున్నాను. తట్టాను. బాదాను. లోపల కొవ్వొత్తి ఆరడం చూశాను, ఆచారం అయిపోయిందని నోరు విప్పి అరిచాను. "అది నేను కాదమ్మా, నేను కాదు!" అని గొంతు పోయేదాకా అరిచాను. వానలో నిలబడి అరిచాను. ఎవరూ పలకలేదు. ఒక్క మాట! ఇద్దరు మనుషులు లోపల కూర్చుని ఒక్క మాట అనలేకపోయారు.

ఇంకొకటి కూడా అడుగుతాను. బల్ల మీద మూడే కంచాలున్నాయి. నీది, అమ్మది, నాది. నాన్నకి పెట్టలేదేం? పోయినవాళ్ల కంచం ఏది?

హేజెల్

*

డెవన్,
డిసెంబరు 30

ప్రియమైన చెల్లికి,

నాకు మాత్రం రాయడానికి చెయ్యి వస్తూనే ఉంది. ప్రియమైనదానివే.

పోయినవాళ్ల కంచం నీదే.

రెండేళ్లుగా అమ్మ లెక్కలో నువ్వు చచ్చిపోయావు. నేనే చెప్పాను. రోడ్డు మీద లారీ గుద్దిందన్నాను. కీత్ మనకి కబురైనా చెయ్యకుండా దహనం కానిచ్చేశాడన్నాను. ఎందుకు చెప్పానంటే, ఒక రోజు పొద్దున్నే ఆవిడ కోటు వేసుకుని, కర్ర పట్టుకుని, "నన్ను రైల్లో కూర్చోబెట్టవే, హేజెల్ దగ్గరికి పోతాను" అంది. అప్పటికి నేను ఆవిడ గోడల మీద పెంట కడిగాను, ఆవిడ మంచం దుప్పట్లు ఉతికాను, నా పెళ్లి పెటాకులైంది. ఆవిడకి మాత్రం నువ్వే కావాలి. చచ్చిపోయిందన్న మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

ఫొటో సంగతి కూడా చెప్పేస్తాను. నిన్ను ఆవిడ ఏనాడూ అనుమానించలేదు. పత్రిక వచ్చిన రోజే, "ఇది ఆ కీత్ గాడి పని. నా పిచ్చుక చెయ్యదు" అంది. మొహం చూడనన్నది, కన్నతల్లిని అమ్ముకున్నావన్నది, గుమ్మంలో నేను కల్పించినవి.

రెండు సావిన్‌లు నీకు కంచం పెట్టింది. నిండుగా పెట్టినది పెట్టినట్టే ఉండేది. "చచ్చాక కూడా రాదే! నా మీద ఎందుకే అంత అలక?" అని ఏడ్చేది. ఆవిడకి నువ్వు రావాలి, నీకు ఆవిణ్ణి చూడాలనుంది. ఇద్దరి కోరికా తీర్చాను. కాదంటావా?

ఆ రోజు నువ్వు కంచం పట్టుకుని వెళ్లగానే నేను గడియ వేశాను. ఆవిడ ఆచారం మరిచి నా చెవి దగ్గరకొచ్చి, "మొత్తం తినేసిందే! అక్కడ కూడా దీనికి ఆకలి తగ్గలేదు" అని నవ్వింది. ఎన్నేళ్లకో నవ్వడం. తలుపు చప్పుడైతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తియ్యకు బెరిల్. లోపలికి పిలిస్తే దానికి దారి తప్పుతుంది" అంది. నువ్వు అరుస్తున్నావు. ఆవిడ తలుపుకి చెంప ఆనించి నిలబడింది. నీకూ ఆవిడకీ మధ్య ఒక చెక్క. "నువ్వు కాదని నాకు తెలుసే తల్లీ. ఇంక పో, పడుకో" అంది. గుసగుసగా అంది. గట్టిగా పలికితే నువ్వు వెళ్లలేవని ఆవిడ భయం. నేను విన్నాను. నీకు చేరవేసే పని నాది కాదనుకున్నాను.

అక్కడితో అయిపోయుంటే నేను గెలిచినట్టే. మర్నాటి నుంచి ఆవిడ ముద్ద సరిగా ముట్టలేదు. "అది చెయ్యి చాపిందే, రమ్మని పిలిచింది. నేనే పిరికిదాన్నై లాక్కున్నాను. పసిపిల్ల ఒంటరిగా ఉంది అక్కడ" అనేది. చెంచాతో గంజి పోస్తుంటే పళ్లు బిగించేది. ఒక రోజు భరించలేక చెప్పేశాను. హేజెల్ బతికే ఉందమ్మా, నేను అబద్ధమాడాను, రేపే పిలిపిస్తాను అన్నాను. కాళ్లు పట్టుకుని చెప్పాను. ఆవిడ నా తల నిమిరి, "నన్ను ఉంచుకోవడానికి ఎన్ని కబుర్లు చెబుతావే" అంది. నమ్మలేదు. కళ్లారా చూసింది కదా మరి.

యూల్ పండగ దుంగ వెలిగించిన పొద్దున పోయింది. కొత్త సూర్యుడు పుట్టే పూట. ఆఖరున నా మొహం తడిమి, "వచ్చావా పిచ్చుకా" అంది. అవునమ్మా అన్నాను. ఏం చెయ్యను? నిన్ననే ఖననం అయింది. ముందే రాస్తే వచ్చేదానివి. రిబ్బను ఆవిడతోనే వెళ్లింది.

వచ్చే సావిన్‌కి నేను కంచం పెట్టను. దండగ. ఆవిడ నీ కోసమే కదా వెళ్లింది. అక్కడ నువ్వు కనబడక వెతుక్కుంటూ ఉంటుంది. వస్తే నీ దగ్గరికే వస్తుంది గానీ ఈ ఇంటికి రాదు. నువ్వే పెట్టు. కరకరలాడే ముక్క వెయ్యడం మరిచిపోకు. ఎదురుగా కూర్చో.

చెప్పాలనుకున్న మాట మాత్రం చెప్పకు. చెయ్యి చాపినా అందుకోకు. తలుపు తడితే తియ్యకు. ఆచారం నీకు తెలుసుగా.

నీ అక్క,
బెరిల్