ఇరవై మాటలు, ఇరవై సాళ్లు

కోట్‌పల్లి,
18 ఫిబ్రవరి 2025, మంగళవారం.

తాండూరు కాలేజీల సైకాలజీ చెప్పే వెంకటేశం సారుకు, నిరోషా నాయనమ్మ మొగులమ్మ దండం పెట్టి చెప్పుకునేది. ఇక్కడ మేమంత మంచిగున్నం. మీరు, మీ ఇంటోళ్లు సల్లగుండాలె.

నాకు అక్షరం రాదు. పక్కింటి ఇస్మత్ రాస్తున్నది. మస్తు కోపంగ చెప్తున్నవ్ పెద్దమ్మా, జర మెత్తగ రాయనా అంటున్నది. వద్దన్న.

మీ ప్రాక్టికల్ కోసమని మా పిల్ల నిరోషా ఇరవై మాటలు చదివి వినిపించి, నాకు ఎన్ని యాదికున్నయో రికార్డుల రాసింది. ఇరవైకి ఇరవై. మీరు దానిమీద ఎర్రగీత కొట్టిన్రు. సదువురాని డెబ్బై ఏండ్ల ముసలమ్మ ఇన్ని చెప్పుడేంది, ఇంట్ల కూసోని రాసినవ్ అన్నరట. శుక్రవారం లోపల సరిగ్గ రాసి తేకపోతే ప్రాక్టికల్ మార్కులు సున్నా అన్నరట. పిల్ల ఏడ్చి ఏడ్చి, ఇగ అందరి లెక్కనే తొమ్మిది అని రాస్తనంటున్నది. సారూ, ఉన్నది కొట్టేసి లేనిది రాస్తే పాసా? గిదేం సదువు?

నేనెట్ల చెప్పిన్నో వినుండ్రి. నేను పత్తి ఏరే ఆడోళ్ల ముఠాకు మేస్త్రిని. సాలుకొకరిని నిలబెడ్త. పొద్దూకినంక ఎవరు ఏ సాలుల ఏరిన్రో కాయితం లేకుంటనే చెప్త. ముప్పై ఏండ్లసంది గిదే పని. పిల్ల మాటలు చదువుతుంటే కండ్లు మూసుకొని మా ఇరవై మందిని సాళ్లల్ల నిలబెట్టిన. గొడుగు అనంగనే ఇంద్రమ్మకిచ్చిన, ఎండ ఎండ అని ఊకె నసుగుతది. కుర్చీల బిచ్చయ్య పెండ్లాన్ని కూసోబెట్టిన, ఆమె నిలబడి పనిచేసిందెప్పుడు? ఏనుగును గట్టు మీదనే ఉంచిన, చేన్లకొస్తే పత్తి తొక్కుతది. మొదటి సాలుకెల్లి చెప్పిన, కడసాలుకెల్లి మళ్ల చెప్పిన. పిల్ల ఎగిరి దుంకి నన్ను పట్టుకున్నది. ఇద్దరం కడుపు నొయ్యంగ నవ్వినం.

శుక్రవారం మొదటి బస్సుకు నేనే వస్తున్న. మీకు నచ్చిన ఇరవై మాటలు రాసిపెట్టుండ్రి. ముప్పై అయినా ఫికర్ లేదు, పక్క చేను ముఠాను గూడ పిలుస్త.

ఇట్లు,
మొగులమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

ఇంకో మాట: ఇస్మత్ కవరు అంటిస్తుంటే ఆపిన. మొదటి దినం నాకు వచ్చినయి ఏడే మాటలు. పిల్ల ఏడు అనే రాసింది. ఇరవై మందిని నడిపేదానికి ఏడా అని సిగ్గయి, అది నీళ్లకు పోంగనే ఆ పేజీ చింపి బియ్యం డబ్బాల దాచిన. మేక తిన్నదన్న. నమ్మింది. తెల్లారి వేరే ఇరవై మాటలు చదివించుకున్న, సాళ్ల ఉపాయం అప్పుడే తట్టింది. చింపిన పేజీ ఈ కవర్లనే పెట్టిన, బియ్యప్పిండి దులుపుకోండి. ఏడూ నాదే, ఇరవయ్యీ నాదే. రెండూ రికార్డుల అంటించి మార్కులెయ్యుండ్రి. పిల్ల ఒక్క అంకె మార్చలేదు. దొంగపని చేసింది నేను.