పాప పాలపొడి డబ్బా

అక్కా, నేను క్షేమమే, నా గురించి బెంగ వద్దు.

పాప పాలపొడికని బావ చేతికిచ్చి పంపిన డబ్బా వాడకు. అందులో పొడి పోసేసి ఉంటే మొత్తం పారబొయ్యి. పాత డబ్బాలకు రంగులేసి, లేసూ పూసలూ అతికించి అమ్మడమే కదా మా కొట్లో పని. అలాంటి డబ్బాలోనే బిస్కెట్లు పెట్టుకు తిన్న మాతో కుట్టుపని చేసే అత్త నిన్న వాంతులతో పడిపోయింది. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. పాత సామాన్లవాణ్ణి నిలదీస్తే, "పురుగుమందు డబ్బాలేనమ్మా, కడిగే ఇచ్చాగా" అన్నాడు. ఆ మాట విన్న వెంటనే ఈ కార్డు రాస్తున్నాను.

అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పాపకు ముద్దులు. ఎలా ఉందో వెంటనే ఒక్క ముక్క రాయి.

బావ దారిలో స్నేహితుడింట్లో ఆగుతానన్నాడు. ఎప్పుడూ ఆయన ఆలస్యానికి విసుక్కునేదాన్ని. ఈసారి మాత్రం ఈ కార్డు అందేదాకా ఆయన ఇల్లు చేరకూడదని దండం పెట్టుకుంటున్నాను.

నీ చెల్లి