రోటర్ అంచున నల్లరంగు

జూన్ 3, సోమవారం

ట్రైనింగ్ మొదలైంది. పెద్ద అయస్కాంతంతో అణువుల నిర్మాణం చూసే ఎన్.ఎం.ఆర్. మెషీన్ నేర్చుకోవడానికి ఆరుగురు వచ్చారు. మెషీన్ పక్కన గోడకి నా కాగితం పదేళ్లుగా ఉంది: నేను చెప్పేదాకా ఏదీ ముట్టుకోవద్దు. అందరూ చదివి తలూపారు. ఒకమ్మాయి మాత్రం, మీరే తప్పు చెబితే ఎలా మేడమ్ అని అడిగింది. ఒళ్లు మండింది. సాయంత్రానికి ముప్పై ప్రశ్నలేసింది. ప్రశ్నల పుట్ట అని పేరు పెట్టేశాను.

జూన్ 4

ప్రశ్నల పుట్ట తన శాంపిల్ కూడా తెచ్చుకుంది. కణం పైపొరలో తలుపులా ఉండే ప్రోటీన్. చుట్టూ ఉన్న కొవ్వు తీసేస్తే పాడైపోతుంది, అందుకని కొవ్వుతో సహా చూడాలి. ఎనిమిది నెలలు కష్టపడితే ఒక్క రోటర్‌కి సరిపడా వచ్చింది. రోటర్ అంటే అగ్గిపుల్లలో సగం కూడా ఉండని గొట్టం. అందులో శాంపిల్ కూరి, మాగ్నెట్‌లో ఏటవాలుగా పెట్టి, గాలి ఊది సెకనుకి పదివేల చుట్లు తిప్పుతాం.

ఈ శుక్రవారానికి స్పెక్ట్రమ్, అంటే మెషీన్ గీసే గ్రాఫు, రాకపోతే ప్రాజెక్ట్ మూసేస్తానని వాళ్ల గైడ్ అన్నాడట. నవ్వుతూనే చెప్పింది. శాంపిల్ డబ్బాని మాత్రం ఒళ్లోంచి దించలేదు.

జూన్ 5

రోటర్‌కి క్యాప్ పెట్టడం నేర్పాను. ఏ కాస్త వంకరగా ఉన్నా లోపల ఊడి ఎగిరిపోతుంది. పిల్లలు నత్తనడక నడుస్తున్నారు. ఓపిక పట్టలేక ఒక్కొక్కరి చేతిలోంచి లాక్కుని ఆరూ నేనే పెట్టేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, అయితే ఇవాళ ట్రైనింగ్ నీకే అయిందన్నమాట అన్నారు. అప్పుడాయన ఉల్లిపాయలు తరుగుతున్నారు. మరీ లావుగా తరుగుతున్నారని కత్తి లాక్కున్నాను. అది వేరే సంగతి.

జూన్ 6

ఎవరి చేతిలోంచీ లాక్కోకూడదని రోజంతా నా చేతులు కోటు జేబుల్లోనే. నరకం. ప్రశ్నల పుట్ట మూడు క్యాపులు పాడుచేసింది. నాలుగోది నాకంటే బాగా పెట్టింది.

జూన్ 7, ఉదయం 9

శాంపిల్ తనే ప్యాక్ చేసింది, క్యాప్ తనే పెట్టింది. నేను వేలు పెట్టలేదు. రోటర్ నిండా వేలిముద్రలుంటే ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి ఇచ్చానంతే. ఆ మాత్రం సాయం చేయొచ్చుగా.

మధ్యాహ్నం 1

భోజనం మానేసి ఇది రాస్తున్నాను.

రోటర్‌ని లోపల పెట్టి గాలి వదిలింది. స్క్రీన్ మీద స్పీడు సున్నా. ఇంకొంచెం వదిలింది. సున్నా. పట్టేసినట్టుంది, గాలి పెంచు అన్నాను. పెంచనంది. నాతో! తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది మేడమ్, లెక్కే రావట్లేదు అంటూ గాలి ఆపేసింది. నా చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. వద్దు మేడమ్, నేనే తీస్తాను అంది. మిగతా ఐదుగురూ నేలచూపులు చూస్తున్నారు.

తీసి వెలుతురులో చూపించింది. రోటర్ అంచున సగం మేర నల్లరంగు ఉండాలి. ఆ నలుపుని చూసే మెషీన్ చుట్లు లెక్కపెడుతుంది. అంచు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. పొద్దున్న నేనే తుడిచేశాను. సోమవారం ఆ నలుపు గురించి అరగంట ఊదరగొట్టిందీ నేనే. దీపం కిందే చీకటి.

నా మాట విని గాలి పెంచి ఉంటే వేగం హద్దు దాటి, రోటర్ పగిలి ఎనిమిది నెలల కష్టం గాలిలో కలిసిపోయేది. తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. ఆ పిల్ల మార్కర్ తీసుకుని రంగు వేసి, ఆరేదాకా ఊది, మళ్లీ లోపల పెట్టింది. పదివేలు. అటూ ఇటూ కదలకుండా పదివేలు.

సాయంత్రం 5

గ్రాఫులో శిఖరాల్లా పీక్స్ వచ్చాయి. సన్నగా, విడివిడిగా. గైడ్‌కి పంపింది. ప్రాజెక్ట్ కొనసాగించమన్నాడట. ఆ మాట మాకు చెప్పి, వరండాలోకి వెళ్లి ఏడ్చి వచ్చింది.

ఎంత గర్వంగా ఉందో రాసుకోవడానికి కూడా సిగ్గేస్తోంది. నా మాట వినకూడని చోట వినని పిల్లని తయారు చేశాను. నేను చేశానా? అలాగే వచ్చింది. నేను పాడుచేయలేదు, అంతే. అదీ తక్కువేం కాదు.

జూన్ 8

గోడ మీది కాగితం నిన్ననే పీకేశాను.

ఇవాళ ఉల్లిపాయలు ఆయనే తరిగారు. లావుగానే. నేను కత్తి లాక్కోలేదు.