ఎడమవైపు తిప్పితే బిగిసే బిళ్ళ

డెబ్బై ఒక్క ఏళ్ళు నిండి, కత్తులు చేయడం తప్ప మరో విద్య రాని నేను, నా తదనంతరం నా వస్తువులు ఎవరికి చెందాలో ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. పక్షవాతంతో నా కుడిచెయ్యి పడిపోయింది గానీ బుద్ధి నిలకడగానే ఉంది. నిన్న డాక్టరు గారు వారం, తేదీ, మా ఆవిడ పేరు అడిగి చూశారు. మూడూ సరిగ్గానే చెప్పాను. మధ్యాహ్నాలు మాత్రం కాస్త మగత కమ్ముతుంది. అప్పుడు కొలిమి దానంతటదే వెలుగుతుంది. మా తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి ఆకురాయితో ఇనుము రాస్తుంటాడు. ఆ రజను వెలుతురులో తేలుతూనే ఉంటుంది, కిందికి దిగదు. దీన్ని మతిభ్రమణమని ఎవరూ వాదించకూడదు. నాకు అది ఇష్టం.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత ఎదురు దుకాణం టైలరు గారిది. నా సుత్తి చప్పుడుకు కుట్టు తప్పుతోందని ముప్పై ఏళ్ళు సణిగారు. ఇప్పుడు మా అమ్మాయి సుత్తి వేస్తుంటే, ఆ పాత లయ లేదని సణుగుతున్నారు. సణగనివ్వండి, మంచి మనిషి. ఆయన కత్తెరలకు ఎప్పటికీ మా దుకాణంలోనే సాన పట్టాలి.

2. ఇల్లు మా ఆవిడకు చెందుతుంది. వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పొట్టికత్తి కూడా ఆవిడదే. అది నేను మొదట చేసిన కత్తి, అలుగు, అంటే కోసే భాగం, కాస్త వంకర. "వంకర దానిదా, మీదా?" అని నలభై ఆరేళ్ళుగా అడుగుతూనే ఉంది, మరో కత్తి మాత్రం ముట్టుకోలేదు. ఎదురుగా చెప్పడానికి సిగ్గుపడి ఇక్కడ రాయిస్తున్నాను: నాకు ఆవిడంటే ప్రాణం.

3. దుకాణం, కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగలి, సానచక్రం మా అమ్మాయికి. అల్లుడుగారికి నా గొడుగు. అది ఎలాగూ నాలుగేళ్ళుగా ఆయన దగ్గరే ఉంది.

4. వీలునామాలో కథలు ఉండకూడదని దస్తావేజు లేఖరి గారు అంటున్నారు. ఇది లేకపోతే ఐదో అంశం ఎవరికీ అర్థం కాదు, రాయండి అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఒక సైనికుడు వచ్చి తన చేతికి సరిపోయే పోరుకత్తి చేసిపెట్టమన్నాడు. వానలో, బురదలో వాడేది కాబట్టి పిడి విప్పి తుడుచుకునేలా ఉండాలన్నాడు. అలాంటి కత్తికి అలుగు వెనక సన్నటి ఇనుప తోక ఉంటుంది. దాని మీదికి అడ్డపట్టీ, ఆపైన చెక్కపిడి తొడిగి, చివర మర ఉన్న ఇత్తడి బిళ్ళతో బిగిస్తాం. బిళ్ళ తీస్తే కత్తి మొత్తం ముక్కలుగా ఒళ్ళోకి వస్తుంది. అలుగు నేను చేశాను. నూనెలో ముంచి తీసి, మళ్ళీ సెగ చూపించి, ఎండుగడ్డి రంగు తేలేదాకా ఊపిరి బిగబట్టి చూశాను. మర కోసింది మా తమ్ముడు. వాడిది పుర్రచేతి వాటం.

సైనికుడు వచ్చిన రోజు, విప్పి చూపిద్దామని బిళ్ళను అందరిలాగే ఎడమవైపు తిప్పాను. కదల్లేదు. పట్టకారు వేసి బలమంతా పెట్టాను. తోక పుటుక్కున విరిగింది. మర తలకిందులుగా కోశాడని, పుర్రచేతి పనులన్నీ ఇంతేనని, ఆ పరాయి మనిషి ముందు తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఒక్కసారి నన్ను అడగాల్సింది, అన్నయ్యా" అన్నాడు. తోలు ఏప్రాను మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళ కిందట కుడిచెయ్యి పడిపోయాక ఎడమచేత్తో పని నేర్చుకున్నాను. నా పాత పోరుకత్తితో కర్ర చెక్కుతుంటే బిళ్ళ మాటిమాటికీ వదులై ఒళ్ళో పడేది. కుడి అరచేతి ఒరిపిడికి బిగిసే మర, ఎడమ అరచేతికి వదులవుతుంది. అప్పుడు గుర్తొచ్చింది: ఆ సైనికుడు టీ గ్లాసు పట్టుకున్నది ఎడమచేత్తో. మా తమ్ముడు చూసి, అతనికి తగ్గట్టే మర కోశాడు. నేను విప్పుతున్నాననుకుని ఇంకా బిగించాను. తప్పు నూటికి నూరుపాళ్ళు నాది.

5. అదే కొలతలతో మళ్ళీ ఒక కత్తి చేశాను. సుత్తి దెబ్బలు మా అమ్మాయివి. మర నేనే ఎడమచేత్తో, వాడు కోసినట్టే, ఎడమవైపు తిప్పితే బిగిసేలా కోశాను. అది మా తమ్ముడిది. అలుగు, అడ్డపట్టీ, పిడి, బిళ్ళ నా బల్ల మీద విడివిడిగా ఉన్నాయి. ఎవరూ వాటిని కూర్చకూడదు. మగతలో ఒక్కొక్కటీ మెల్లగా లేచి తోక మీదికి చేరుతుంటాయి, బిళ్ళ వంతు వచ్చేసరికి మెలకువ వస్తుంది. నేను పోయాక టైలరు గారు స్వయంగా వెళ్ళి వాణ్ణి పిలవాలి. వస్తే వాడి చేత్తోనే బిగించుకోవాలి. ఏప్రాను అదే మేకుకు ఉంది. రాకపోతే ముక్కలకు ఏటేటా నూనె రాసి అలాగే ఉంచండి.

బతికుండగా పిలవొచ్చు కదా అని మా ఆవిడ అంటోంది. మూడుసార్లు వాడి వీధి మలుపు దాకా వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని తలుపు కొట్టను?

6. సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు డాక్టరు గారు. రెండో మనిషిని తాను తీసుకొస్తానని మా ఆవిడ పొద్దున్నే బయల్దేరింది. ఎవరంటే చెప్పలేదు.

తేదీ: 11 ఏప్రిల్ 2023, మంగళవారం.

సంతకం: కత్తుల పెద్దాయన (ఎడమచేత్తో)

మొదటి సాక్షి: డాక్టరు. మనిషి స్పృహలోనే ఉన్నారు. కళ్ళ నీళ్ళకు మందు అక్కర్లేదు.

రెండో సాక్షి: తమ్ముడు (ఎడమచేత్తో). సాక్షిగా సంతకం పెడితే ఆ కత్తి నాకు చెల్లదని లేఖరి గారు అంటున్నారు. చెల్లకపోతే పోనీ. మర మరీ నాసిగా ఉంది, అన్నయ్యా. రేపొచ్చి మళ్ళీ కోస్తాను.