ఛార్జింగ్ నిండుగానే ఉండింది

అన్నా,

తడ దగ్గర నువ్వు పనిచేసిన బోటు మోటార్ల కంపెనీ మూసేసినారు. ఒక్క ఛార్జింగుతో వేటకు పోయి తిరిగి రావచ్చని రేవు రేవునా గొప్పలు చెప్పిన మోటారు సగం దూరమే పోతుందని ఇప్పుడు అందరికీ తెలిసింది. నువ్వు ముందే ఆ మాట అంటే, "కొనేవాళ్ళు చూడ్డానికొస్తున్నారు, ముందు నడిపి చూపించు" అన్నాడంట మీ సారు. సముద్రంలో మోటారు ఆగి, పడవ తిరగబడి నువ్వు పోయినాక, నువ్వే సరిగా ఛార్జింగ్ పెట్టలేదన్నారు. ఆ నింద మోస్తానే అమ్మ చర్చికి పోయి వస్తా ఉండింది.

నిన్న, ఆ రోజు నీతో పడవలో ఉన్న రాజు ఇంటికొచ్చినాడు.

"ఛార్జింగ్ నిండుగానే ఉండిందమ్మా. ఉద్యోగం పోతుందని ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు" అని ఏడ్చినాడు.

"నా బిడ్డ చివర్లో ఏమన్నా అన్నాడా?" అని అడిగింది అమ్మ.

"నాకు ఈత రాదని, తేలుతున్న ఖాళీ క్యాను నా వైపు నెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు."

అమ్మ అతని తల నిమిరి అన్నం పెట్టింది. నేను అక్కడ ఉండలేక పెరట్లోకి పోయినా. నువ్వు కాపాడిన మనిషే, అన్నా. అయినా అతన్ని క్షమించడం నాకింకా చేతకాలేదు.

నీ చెల్లి,
సుగుణ