దీర్ఘాల్లేని వీడ్కోలు

బ్రాటిస్లావా,
శుక్రవారం.

మార్గితక్కకి,

ఈ క్రిస్మస్‌కి నేను రావడం లేదు. నా కంచం పెట్టకు.

నాన్న అంత్యక్రియల్లో, చర్చిలో పాడే పెద్దాయనకి గొంతు బొంగురుపోయిందని, చనిపోయిన మనిషి తరఫున చెప్పే వీడ్కోలు నన్ను చెప్పమన్నది నువ్వే. "రేడియోలో వార్తలు చదివేదానివి, నువ్వు కాక ఇంకెవరు చెప్తారే?" అన్నావు. పెట్టె పక్కన నిలబడి, నాన్నే మాట్లాడుతున్నట్టు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి సెలవు తీసుకున్నాను. నిన్నూ, బావనీ, పొరుగింటి ఇల్కా అత్తనీ, ఎవరినీ వదల్లేదు. ఒక్కరి కంటా తడి లేదు.

మన తూర్పు వైపు శారిష్ యాసలో దీర్ఘాలు లేవు. నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఉచ్చారణ నేర్పే ఆవిడ, "దీర్ఘాలన్నీ చలికాలానికి దాచుకుంటారేంటమ్మా మీ తూర్పువాళ్ళు?" అని నవ్వేది. ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నాను. ఇప్పుడు అవి లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. అది తెలిసీ, నేను ముగించగానే లేచి, "ఊరోళ్ళారా, ఇంకో మాటుంది" అని మన యాసలో మొదలుపెట్టావు. అంతే, అందరూ భోరుమన్నారు. నా నోట్లోంచి నాన్నని లాక్కున్నట్టయింది. నిలబడలేక వెళ్ళి బస్సెక్కాను. నాన్నని మట్టిలో పెట్టడం కూడా చూడలేదు.

పౌలీనా


ఊరి నుంచి,
ఆదివారం.

నా పౌలినకి,

నీ ఉత్తరం చూసి మీ బావ, "ఇద్దరికీ మామయ్య మొండితనమే" అన్నాడు.

నువ్వు అందరి దగ్గరా సెలవు తీసుకున్నావు, చివరికి నాన్న తేనెటీగల దగ్గర కూడా. ఒక్క పేరు మిగిలిపోయింది. నీది. నాన్న నోటితో నీకు నువ్వే ఎలా చెప్పుకుంటావే? ముందు నాకూ తోచలేదు. నువ్వు కాగితం మడిచి నిలబడ్డాక ఇల్కా అత్త నన్ను మోచేత్తో పొడిచి, "అయ్యయ్యో, చిన్నదాన్ని మర్చిపోయాడేంటే మీ నాన్న!" అంది. అందుకే లేచాను. అందరూ ఏడ్చింది నీ కోసమే.

నువ్వు తలుపు దాటిపోయావు. మొదలుపెట్టిన వీడ్కోలు మధ్యలో ఆపకూడదు కదా, ఆపలేదు. నాన్న మాటగా నేను చెప్పింది ఇదీ:

"చిన్న తల్లీ, నీ వార్తలప్పుడు ఇంట్లో ఎవర్నీ దగ్గనివ్వలేదే నేను. ఏం చదివేదానివో ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. నీ గొంతు వినేవాణ్ణి, అంతే. ఇంక వినలేను. చలిలో మెడకి ఏదైనా చుట్టుకో. సెలవమ్మా, పౌలీనా."

అంతా మన పొట్టి మాటల్లోనే చెప్పి, నీ పేరు మాత్రం సాగదీశాను. రోజూ రేడియోలో నువ్వు నీ పేరు చెప్పుకోగానే నాన్న వెనకే అలా పలికి చూసుకునేవాడు. నాకు సరిగ్గా రాలేదు.

కంచం పెడుతున్నాను. నీ మొహం చూసి చెప్పాల్సిన మాట, తెరిచి ఉన్న తలుపుకి చెప్పానే.

నీ అక్క,
మార్గిత